ఓక్రకోక్ దీవిలో రెండు రాత్రులు: కారు ఫెర్రీ, టెంటు, దోమలు

నమస్కారం. నా వెనక కనిపిస్తున్నది కార్లను ఎక్కించుకునే ఫెర్రీ. మనం ఇప్పుడు నార్త్ కరోలినాలోని సీడర్ ఐలాండ్ రేవులో ఉన్నాం. ఇక్కడి నుంచి ఓక్రకోక్ దీవికి రెండుంపావు గంటల ప్రయాణం. ఆ దీవికి వంతెన లేదు, కారుతో వెళ్ళాలంటే పడవ ఒక్కటే దారి.

రాలీ, కేరీ, షార్లెట్ వైపు ఉండే మన తెలుగు కుటుంబాలు ఔటర్ బ్యాంక్స్ అనే ఈ ఇసుక దీవుల వరసకు వస్తే, పక్కనున్న హ్యాటరస్ దీవి నుంచి పొద్దున ఓక్రకోక్ వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేయడం మామూలు. మేమూ రెండుసార్లు అలాగే చేశాం. ఈసారి టెంటు వేసుకుని రెండు రాత్రులు ఉన్నాం. అందుకే ఈ వీడియో. సాయంత్రం పడవకు తిరిగి రావద్దని మీకు చెప్పాలనిపించింది.

ముందు ఫెర్రీ సంగతి. దీవికి మూడు దారులున్నాయి. హ్యాటరస్ నుంచి వెళ్ళే కారు ఫెర్రీకి మేము వెళ్ళినప్పుడు టోల్ లేదు, రిజర్వేషనూ లేదు. ఎవరు ముందు వస్తే వాళ్ళకే. వేసవి సెలవుల్లో ఆ వరసలో గంటలు గడిచిపోతాయి. పైగా ఇసుక మేటలు వేసి పాత దారి పూడిపోవడంతో, ఒకప్పుడు 40 నిమిషాల్లో అయ్యే ప్రయాణం ఇప్పుడు గంట పైనే పడుతోంది. సీడర్ ఐలాండ్, స్వాన్ క్వార్టర్ రేవుల నుంచి వెళ్ళేవాటికి టోల్ ఉంది, ముందుగా రిజర్వేషన్ చేసుకోవచ్చు. బయలుదేరడానికి అరగంట ముందే రేవులో ఉండాలి, లేకపోతే మీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. రాలీ నుంచి వచ్చేవాళ్ళకు నా సలహా సీడర్ ఐలాండ్. సామాను నిండిన కారుతో, వెనక సీట్లో పిల్లలతో, చోటు దొరుకుతుందా లేదా అన్న బెంగ ఉండదు.

ఇప్పుడు డెక్ మీదకు వచ్చాం. సిబ్బంది సైగ చేసిన వరసలో కారు నిలిపి, ఇంజను ఆపి, చేతి బ్రేకు వేస్తే చాలు, దిగి పైకి రావచ్చు. మాది కోనసీమ. చిన్నప్పుడు నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి దాటేవాళ్ళం. సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, కార్లు, మధ్యలో మనుషులు. ఇక్కడ కారు దిగి రెయిలింగు పట్టుకోగానే నాకు ఆ పంటే గుర్తొచ్చింది. అయితే గోదావరిలో అవతలి గట్టు కళ్ళ ముందే ఉంటుంది. ఇక్కడ ఓ గంట గడిచాక చుట్టూ చూడండి, ఏ దిక్కునా నేల కనపడదు. దీని పేరు పామ్లికో సౌండ్. సముద్రంలా ఉన్నా ఇది సన్నటి ఇసుక దీవుల వెనక ఉన్న ఉప్పుకయ్య, చాలాచోట్ల పాతిక అడుగుల లోతు కూడా ఉండదు. 1524లో వెరజానో అనే నావికుడు ఆ ఇసుక దీవుల అవతల నుంచి ఈ నీళ్ళు చూసి, ఇదే పసిఫిక్ మహాసముద్రం అనుకున్నాడు. ఈ డెక్ మీద నిలబడితే ఆయన ఎందుకలా అనుకున్నాడో తెలుస్తుంది.

దిగగానే ఊరు. సిల్వర్ లేక్ అనే చిన్న రేవు చుట్టూ ఇళ్ళు, దుకాణాలు, సైకిళ్ళు. జనాభా 800 లోపే. కొన్ని ఇళ్ళు ఎత్తైన స్తంభాల మీద ఉన్నాయి చూడండి. 2019 సెప్టెంబరు 6న డోరియన్ తుపాను ఈ పామ్లికో సౌండ్ నీళ్ళను ఊరి మీదకు నెట్టింది. ఆ తర్వాత దాదాపు మూడు నెలలు సందర్శకులను రానివ్వలేదు. మళ్ళీ ఇళ్ళు లేపుకున్న ఈ ఊరివాళ్ళంటే నాకు చాలా గౌరవం. కోనసీమలో 1996 తుపాను చూసినవాళ్ళకు ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఇక్కడి కొట్టులో కాస్త ధర ఎక్కువనిపించినా బేరమాడాలనిపించలేదు.

క్యాంప్‌గ్రౌండ్ ఊరికి మూడు మైళ్ళ దూరంలో ఉంది, నేషనల్ పార్క్ సర్వీసు వాళ్ళది. ఇసుక దిబ్బకు ఇవతల టెంట్లు, అవతల అట్లాంటిక్. రాత్రంతా అలల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. బల్ల, గ్రిల్లు, తాగునీరు, మరుగుదొడ్లు ఉన్నాయి. మేము వెళ్ళినప్పుడు స్నానానికి చన్నీళ్ళే. చెట్ల నీడ లేదు, మధ్యాహ్నం టెంటులో కూర్చోలేరు.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. మామూలు టెంటు మేకులు ఈ ఇసుకలో నిలవవు. మొదటి రాత్రి పదకొండింటికి గాలి లేచి మా టెంటు రెండు మూలలు పైకి లేచిపోయాయి. పిల్లల్ని కార్లో పడుకోబెట్టి, నీళ్ళ డబ్బాలు, బియ్యం సంచీ మూలల్లో పెట్టి తెల్లవార్లూ కాపలా కాశాం. అడుగు పొడవున్న వెడల్పాటి మేకులు తెచ్చుకోండి. ఇసుకలో మన పల్లేరు కాయల్లాంటి ముళ్ళ గింజలుంటాయి, పిల్లలకు చెప్పులు తప్పనిసరి. ఇక దోమలు. గాలి ఆగిందంటే చాలు, మబ్బులా కమ్ముకుంటాయి. సన్నటి వల ఉన్న టెంటు, పొడుగు చేతుల చొక్కాలు లేకుండా జులైలో రాకండి. ఏప్రిల్, మే మొదటి వారాలు నయం.

సముద్రం విషయంలో ఇంకో మాట. ఈ తీరంలో ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ప్రవాహాలు వస్తాయి. పిల్లలతో స్నానం లైఫ్‌గార్డులు ఉన్న బీచ్‌లోనే. బీచ్‌లో మంట వేసుకోవాలంటే ముందుగా ఉచిత అనుమతి పత్రం తీసుకోవాలి.

తిండికి మేము పులిహోర, ఆవకాయ, కారప్పొడి తెచ్చుకున్నాం. గ్రిల్లు మీద వంకాయలు కాల్చి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చింతపండు వేసి పచ్చడి చేసింది మా ఆవిడ. ఉప్పుగాలిలో ఆ అన్నం రుచి మాటల్లో చెప్పలేను.

చూడాల్సినవి చాలా ఉన్నాయి. 1823లో కట్టిన తెల్లటి లైట్‌హౌస్, 1950ల చివర నుంచి కంచెలో కాపాడుతున్న పొట్టి గుర్రాలు, 1718లో బ్లాక్‌బియర్డ్ అనే సముద్రపు దొంగ చనిపోయిన నీటిపాయ. వీటికి పగలు చాలు. నన్ను ఆపేసింది మాత్రం బ్రిటిష్ సమాధుల తోట. 1942 మే నెలలో జర్మన్ జలాంతర్గామి ముంచేసిన బెడ్‌ఫర్డ్‌షైర్ నౌకలోని నలుగురు నావికులవి. అలలు ఒడ్డుకు చేర్చిన పరాయి దేశపు పిల్లలకు ఈ చిన్న ఊరు తన నేలలో చోటిచ్చింది.

రెండో రాత్రి గాలి సన్నగా ఉంది, దోమలు లేవు. ఇసుక దిబ్బ దాటి బీచ్‌కు వెళ్ళాం. రెండు వైపులా ఒక్క దీపం లేదు. పాలపుంత సముద్రం అంచు దాకా దిగింది. మా పెద్దవాడు పుట్టినప్పటి నుంచి ఊళ్ళ వెలుతురులోనే పెరిగాడు. "నాన్నా, అది మబ్బా?" అని అడిగాడు. కాదు, నక్షత్రాలన్నాను. కెమెరాలో ఇవేవీ పడలేదు, అందుకే ఇక్కడ మీకు చీకటే కనిపిస్తోంది. అలల చప్పుడు వినండి.

తిరిగి వచ్చేటప్పుడు కావాలనే హ్యాటరస్ దారి పట్టాం. ఉదయం పదింటికి అవతలి ఒడ్డుకు చేరి కారు దింపుతుంటే, దీవికి వెళ్ళే కార్ల వరస రేవు దాటి రోడ్డు మీదకు వచ్చేసింది. చాలా కార్లలో కుర్చీలు, గొడుగులు, తువ్వాళ్ళు కనిపించాయి. టెంటు ఉన్న కారు ఒక్కటీ కనిపించలేదు.