బస్సు వేళ గోడ మీద రాసి ఉండాలి
(ఒడిశాలోని బరంపురంలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఈ పూట పని మానుకొని సొనపూర్, మార్కండి, రామయ్యపట్నం, గోపాలపూర్ నుంచి వచ్చిన అమ్మలకు, అన్నలకు ప్రత్యేకంగా నమస్కారం. బస్సు దొరకక ఇంకా కొందరు దారిలోనే ఉన్నారని ఇప్పుడే ఫోను వచ్చింది. వాళ్ళ కోసం సభ ఆలస్యంగా మొదలుపెట్టాం. ఎవరూ విసుక్కోలేదు. మనం విసుక్కోవడం మానేశామే, దాని గురించే నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రిని ఈ గదిలో ఎవరూ మరిచిపోలేదు. తుపానును మనం ఆపలేం, తట్టుకోవడమే. కానీ బస్సు రాకపోయినా అదే ధోరణిలో తట్టుకుంటున్నాం. అది దేవుడు పంపింది కాదు. బస్సు రాకపోవడానికి కారణాలున్నాయి. ఆ కారణాలకు జవాబు చెప్పవలసినవాళ్ళు కూడా ఉన్నారు.

మన ఊళ్ళు ఎక్కడున్నాయో ఒకసారి చూడండి. 16వ నంబరు జాతీయ రహదారి, హౌరా-చెన్నై రైలు మార్గం రెండూ మన పక్క నుంచే పోతాయి. కానీ సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి, ఆ రహదారికి మధ్య కొన్ని కిలోమీటర్ల దూరం మిగిలిపోతుంది. బస్సు రహదారి మీద ఉంటుంది, మనిషి ఒడ్డున ఉంటాడు. మధ్యలో ఆటో. ఆటో నిండితేనే కదులుతుంది. కాబట్టి మనవాళ్ళు ఒకే ప్రయాణంలో రెండుసార్లు ఎదురుచూస్తారు. ఆటో నిండేదాకా ఒకసారి, రహదారి మీద బస్సు వచ్చేదాకా మరొకసారి. రెండో దానికి అంతు ఉండదు. ఇక్కడి నుంచి సూరత్ పోయే టూరిస్టు బస్సు ఎన్ని గంటలకు బయలుదేరుతుందో అడిగితే ఎవరైనా చెప్తారు. గొళంతరా మీదుగా పోయే లోకల్ బస్సు ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పగలిగిన మనిషి లేడు.

ఎందుకిలా? ఒడిశాలో పల్లె బస్సుల్లో ఎక్కువ భాగం ప్రైవేటువారివి. చాలా బస్సుల్లో డ్రైవరుకు, కండక్టరుకు చేతికొచ్చేది ఆ రోజు వసూలును బట్టి ఉంటుంది. అందుకే ఊరి చివర దాకా బస్సు నత్తనడక నడుస్తుంది, ఒక్క మనిషి కనిపించినా ఆగుతుంది. వెనక మరో బస్సు కనిపించగానే ఒక్కసారిగా దౌడు తీస్తుంది. అప్పుడు మధ్యలో చెయ్యెత్తినవాళ్ళు రోడ్డు మీదే మిగిలిపోతారు. ఎదురుగా రెండు బస్సులు వెంటవెంటనే దూసుకుపోయి, ఆ తరువాత చాలాసేపు రోడ్డు ఖాళీగా ఉండటం మీరు రోజూ చూసేదే. బస్సుల సంఖ్య తక్కువై మాత్రమే మనకీ కష్టం రాలేదు. ఉన్న బస్సులు వేళ పాటించకపోవడం వల్ల కూడా వచ్చింది. యజమానికి డీజిలు ఖర్చుంది, బ్యాంకు వాయిదా ఉంది, నేను కాదనను. ఆ నష్టమంతా చెయ్యెత్తి నిలబడిన మనిషి నెత్తిన రుద్దడం మాత్రం న్యాయం కాదు.

చేపలమ్మే అక్కల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. వలలు ఒడ్డుకు చేరేసరికి బాగా తెల్లవారుతుంది. కవళ్ళు, కానాగంతలు, ఏ చేపలు పడితే అవి గంపకెత్తి, అడుగున ప్లాస్టిక్ పట్ట వేసి, పైన తడిగోనె కప్పి ఆమె రహదారికి వస్తుంది. మొదటి బస్సు గంపను చూసి ఆగదు. రెండోది ముప్పై అడుగులు దాటి ఆగుతుంది. గంప నెత్తిన పెట్టుకొని ఆమె పరుగెత్తుతుంది. ఐసు కరిగి నీళ్ళు మెడ మీదుగా, రవిక మీదుగా కారుతుంటాయి. మెట్టు మీద కాలు పెట్టేసరికి హెల్పరు గంపకు చెయ్యి అడ్డం పెడతాడు. వాసన అంటాడు, పైకి ఎక్కించమంటాడు, సామాను ఛార్జీ అంటాడు. ఆ ఛార్జీకి టిక్కెట్టు ఉండదు. బేరం తెగక బస్సు పోతే ఆమె మళ్ళీ గంప దించి, గోనె మీద నీళ్ళు చల్లుకుంటూ నిలబడుతుంది. మార్కెట్టుకు చేరేసరికి హోటళ్ళవాళ్ళు కొనుక్కొని వెళ్ళిపోయి ఉంటారు. ఇక అడిగిన ధరకు ఇచ్చెయ్యడమే. బస్సు ఆలస్యానికి ఆమె రోజూ ఇంత అని డబ్బు కడుతోంది. అది ఏ లెక్కలోనూ రాదు.

ఇక్కడి ఎంకేసీజీ ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చే ముసలివాళ్ళది, కాలేజీ పిల్లలదీ ఇదే అవస్థ. ఓపీ చీటీ వేళ దాటితే ఆ రోజు వృథా. సాయంత్రం చివరి బస్సు మీద నమ్మకం లేక కూతుర్ని చదువు మాన్పించిన తల్లిదండ్రులు నాకు తెలుసు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది అదే.

ఇక సరిహద్దు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు బరంపురం ఇటు వచ్చింది, ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, పండగలు మాత్రం ఇప్పటికీ రెండు వైపులా సాగుతున్నాయి. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. మంచి పని. కానీ అది ఆ రాష్ట్రవాసులకే. పథకం మొదలైనప్పుడు అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తింపజేయలేదు. సరిహద్దుకు ఇటువైపు గిరిసోలలో ఉన్న చెల్లెలు డబ్బు పెట్టి వెళ్ళాలి, ఇచ్ఛాపురంలో ఉన్న అక్క గిరిసోల దాకా రావాలన్నా అంతే. ఈ ప్రభుత్వం ఆ ప్రభుత్వాన్ని చూసి ఏమి నేర్చుకుంటుందో నేను చెప్పలేను గాని, సరిహద్దు దాటే లోకల్ బస్సు గురించి రెండు ప్రభుత్వాలూ కూర్చొని మాట్లాడవలసిన అవసరం ఉంది.

మన వైపు ప్రయత్నమే జరగలేదని అనను. 2023లో మల్కనగిరిలో మొదలుపెట్టిన లక్ష్మీ బస్సులు పంచాయతీలను బ్లాకు కేంద్రాలతో కలపడానికి వచ్చాయి. ప్రైవేటు యజమానులు అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం మారాక పేరు ముఖ్యమంత్రి బస్ సేవ అయింది. పేరు ఏదైనా నాకు పట్టింపు లేదు. ఆ బస్సు మన ఊరి మలుపు దగ్గర ఎన్ని గంటలకు ఆగుతుందో చెప్పాలి, ఆ గంటకు ఆగాలి.

మన మొదటి కోరిక అదే కావాలని నా అభిప్రాయం. కొత్త బస్సులు తరువాత అడుగుదాం. ముందు ఉన్న బస్సుల వేళలు గోడ మీద రాయించుదాం. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 72వ సెక్షన్ తీసి చూడండి. పర్మిట్ ఇచ్చేటప్పుడు ప్రాంతీయ రవాణా అధికార సంస్థ పెట్టదగిన షరతులు అందులో వరసగా ఉన్నాయి. ఆమోదించిన వేళల పట్టికను బస్సులోనూ, నిర్ణయించిన స్టాండ్లలోనూ, ఆగే చోట్లలోనూ ప్రదర్శించాలన్నది అందులో ఒకటి. వేళకు ఎంత అటూఇటూ కావచ్చో హద్దు పెట్టడం మరొకటి. ఛార్జీల పట్టిక పెట్టడం ఇంకొకటి. అంటే ప్రతి బస్సుకూ కాగితం మీద ఒక వేళ ఉంది. అది ఆఫీసు ఫైలులో ఉంది. బస్సెక్కే మనిషికి మాత్రం కనిపించదు.

పట్టిక ఒడియాలో ఉంటే మన పెద్దవాళ్ళు చదవలేరని ఒకరన్నారు. నిజమే. ఊళ్ళ పేర్లు రెండు లిపుల్లో రాయమని అడుగుదాం. వేళను మాత్రం 7.40 అని మామూలు అంకెల్లో రాస్తే చాలు. ఫోనులో నంబరు నొక్కడం వచ్చిన ప్రతివారికీ ఆ అంకెలు తెలుసు.

ఇప్పుడు పని సంగతి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రుసుము పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మూడు ప్రశ్నలు అడుగుదాం. మన మార్గాల్లో ఏయే బస్సులకు పర్మిట్లు ఇచ్చారు? వాటికి ఆమోదించిన వేళలు ఏమిటి? వేళల పట్టిక ప్రదర్శించాలన్న షరతు పర్మిట్‌లో పెట్టారా, లేదా? పెట్టి ఉంటే అమలు చేయమని అడుగుదాం. పెట్టకపోతే పెట్టమని అడుగుదాం. జవాబు వచ్చేలోగా ప్రతి ఊరి మలుపు దగ్గర ఒకరు నోటు పుస్తకం పట్టుకొని, బస్సు నిజంగా ఏ వేళకు వచ్చిందో, ఆగిందో లేదో రాయాలి. ఫైలులోని వేళను, పుస్తకంలోని వేళను పక్కపక్కన పెట్టి కలెక్టరుగారి దగ్గరకు ఛత్రపూర్ వెళ్దాం.

దరఖాస్తు ఫారాలు అక్కడ బల్ల మీద ఉన్నాయి. ఒడియాలో నింపడానికి మన పిల్లలు నలుగురు కూర్చున్నారు. బస్సు వేళలు రాయడానికి సొనపూర్ మలుపుకు, గోపాలపూర్ మార్గానికి పేర్లు వచ్చాయి. మార్కండికి, రామయ్యపట్నానికి ఇంకా ఎవరూ ఇవ్వలేదు. ఆ ఊళ్ళవాళ్ళు లేచి ముందుకు రండి, మీ పేర్లు రాసుకుంటాం.