వేడి చేసిన పనా, తరంగం చేసిన పనా?

శ్రోతలకు నమస్కారం.

మైక్రోవేవ్ ఓవెన్‌లో ఒక కప్పు నీళ్లు పెట్టి మీట నొక్కితే నిమిషం తిరిగేసరికి వేడెక్కుతాయి. లోపల మంట లేదు, ఎర్రగా కాలే తీగ లేదు. నీటి అణువుకు ఒక కొసన ధనావేశం, రెండో కొసన రుణావేశం ఉంటాయి. సెకనుకు 245 కోట్ల సార్లు ఊగే విద్యుత్ క్షేత్రం వెంట ఆ అణువులు తిరగబోతాయి. పక్కవాటిని ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడికి పుట్టిందే ఆ వేడి.

మన ఒంట్లోనూ సగానికి పైగా నీరే కదా! మరి ఈ తరంగాలు ఒంటి మీద పడితే, రోగాలతో పోరాడే తెల్లరక్త కణాలు ఏమవుతాయి? చాలామందికి ఉన్న భయమే ఇది. తేలిగ్గా కొట్టిపారేయాల్సిన భయం కాదు.

రేడియేషన్ అనగానే ఎక్స్‌రేలు గుర్తొస్తాయి. వాటి మోతాదు మితిమీరితే ఎముక మజ్జ దెబ్బతిని తెల్లకణాలు పడిపోతాయి. ఎక్స్‌రేలు అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి అలా దెబ్బతీస్తాయి. మైక్రోవేవ్‌ల సంగతి వేరు. ఒక అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలంటే సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే కొలత) శక్తి కావాలి. ఓవెన్‌లోని మైక్రోవేవ్ ఫోటాన్‌కు, అంటే ఆ తరంగపు ఒక్కో శక్తి పొట్లానికి, ఉన్నది అందులో పది లక్షలో వంతు. అంత చిన్న శక్తితో డీఎన్ఏ పోగు తెగదు.

అయితే వేడి మాత్రం నిజం. ఎక్కువ శక్తి గల మైక్రోవేవ్‌లకు గురిచేసిన జంతువుల రక్తంలో తెల్లకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లు తగ్గడం, మరో రకమైన న్యూట్రోఫిళ్లు పెరగడం పరిశోధకులు చూశారు. అదే జంతువును ఉత్త వేడి గదిలో ఉంచినా దాదాపు ఇదే జరుగుతుంది. ఒళ్లు వేడెక్కితే అడ్రినల్ గ్రంథులు ఒత్తిడి హార్మోన్లు వదులుతాయి, వాటి ప్రభావంతో తెల్లకణాలు రక్తంలోంచి కణజాలాల్లోకి, అక్కడి నుంచి ఇటు తావులు మారుస్తాయి. కిలో శరీర బరువుకు 4 వాట్ల శక్తి చేరితే ఒంటి ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ పెరుగుతుందని లెక్క. అందులో పదో వంతు, అంటే 0.4 వాట్లు, ఈ తరంగాల మధ్య పనిచేసేవాళ్లకు అంతర్జాతీయ మార్గదర్శకాలు పెట్టిన హద్దు. సామాన్య ప్రజలకు 0.08 వాట్లే.

ఇక్కడే అసలు చిక్కు. ఒళ్లు వేడెక్కనంత తక్కువ మోతాదులోనూ ఏదైనా జరుగుతుందా? 1970లలో కీవ్‌లో సోవియట్ శాస్త్రవేత్తలు జరుగుతుందనే అన్నారు. తరంగాలకు గురైన ఎలుకల రక్తంలో వాటి మెదడు కణజాలానికే ఎదురు తిరిగే యాంటీబాడీలు (రోగక్రిములను పట్టుకునేందుకు ఒళ్లు తయారుచేసుకునే ప్రొటీన్లు) కనిపించాయని రాశారు. మన సైన్యం మన మీదికే తుపాకి తిప్పినట్టు! అప్పటికే సోవియట్ దేశంలో పనిచోట ఈ తరంగాలకు పెట్టిన హద్దు అమెరికా హద్దు కంటే వెయ్యి రెట్లు కఠినంగా ఉండేది.

ఏళ్లు గడిచాక ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూశారు, ఒకటి ఫ్రాన్స్‌లో, ఒకటి రష్యాలో. రోజుకు 7 గంటలు, వారానికి 5 రోజులు, మొత్తం 30 రోజులు ఎలుకలను అవే తరంగాల్లో ఉంచారు. 2009లో ఫ్రెంచి బృందం ఆ యాంటీబాడీల జాడ లేదంది. 2010లో రష్యన్ బృందం పాత ఫలితంలో కొంత కనిపించిందంది. ఒకే పద్ధతి, రెండు జవాబులు. నా మటుకు నాకు ఫ్రెంచి ఫలితం వైపే తూకం మొగ్గుతోంది. ఎందుకంటే నిజంగా ఉన్న ప్రభావం ఎవరు చూసినా కనబడాలి.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జరిగిన మరో ప్రయోగం నాకు మరీ ఆసక్తిగా అనిపిస్తుంది. వంద ఎలుకలను తరంగాల్లో, వంద ఎలుకలను తరంగాలు లేని అచ్చం అలాంటి గూళ్లలో, 25 నెలలు పెంచారు. 13వ నెలలో చూస్తే తరంగాల్లో ఉన్నవాటిలో లింఫోసైట్లు పెరిగి కనిపించాయి. అక్కడితో ఆపి ఉంటే అదే పతాక శీర్షిక అయ్యేది. 25వ నెలలో చూస్తే ఆ తేడా లేదు.

2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, మైక్రోవేవ్‌లు కూడా అందులోకే వచ్చే రేడియో తరంగాలను క్యాన్సర్ కారకాలు కావచ్చునన్న వర్గంలో చేర్చింది కదా అని అడుగుతారు. చేర్చింది, నిజమే. కానీ అది పరిమితమైన ఆధారాల మీద, క్యాన్సర్ గురించి చెప్పిన మాట. రోగనిరోధక శక్తి గురించి కాదు.

ఇంట్లో ఓవెన్ సంగతి ఒక్క మాటలో చెబుతాను. తలుపుకున్న జల్లెడ లాంటి లోహపు రేకు తరంగాలను ఆపుతుంది. తలుపు వంగినా, సరిగా పడకపోయినా వాడకండి. దూరం జరిగే కొద్దీ తీవ్రత త్వరత్వరగా పడిపోతుంది.

నాకు ఎక్కువ దిగులు రాడార్ల దగ్గర, ప్రసార స్తంభాల మీద పనిచేసేవాళ్ల గురించే. వాళ్ల ముందున్నది ఓవెన్ సందుల్లోంచి కారే పాటి శక్తి కాదు. కంటి కటకంలో రక్తనాళాలు లేవు, అక్కడ చేరిన వేడి త్వరగా పోదు, శుక్లం పట్టవచ్చు. అందుకే యాంటెన్నా ముందుకు వెళ్లేముందు ట్రాన్స్‌మిటర్ ఆపించుకోవడం, తీవ్రత కొలిచే మీటరు వెంట ఉంచుకోవడం వాళ్ల హక్కు. ఆ మీటరు ఇమ్మని అడిగిన మనిషిని పిరికివాడని ఎవరూ అనకూడదు.

నమస్కారం.