ఇర్వింగ్ పెన్, మన ఫిషింగ్ హార్బర్

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలచుకుంటే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరి. వాళ్లు మన్నిస్తారు.

ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం కదా, ఒక ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ గురించి మాట్లాడమన్నారు. ఇర్వింగ్ పెన్‌ను ఎంచుకున్నాను. 1917లో అమెరికాలో పుట్టారు, 1943లో వోగ్ పత్రికలో చేరారు, 2009లో పోయారు. ఆయన ఫొటోల్లో ఆర్భాటం ఉండదు. బూడిదరంగు తెర, పక్కనుంచి పడే పగటి వెలుగు, ముందు ఒక మనిషి. 1950లో పారిస్‌లో ఖరీదైన గౌన్ల మోడళ్లను తీస్తూనే, మధ్య మధ్య రొట్టెలు చేసేవాళ్లను, మాంసం కొట్టేవాళ్లను పనిబట్టలతోనే స్టూడియోకి పిలిపించారు. వాళ్లకీ అదే వెలుగు. తర్వాత లండన్‌లో, న్యూయార్క్‌లో కూడా అంతే.

ఇక్కడ నా కడుపుమంట ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక బట్టల దుకాణం క్యాటలాగ్ కోసం మన ఫిషింగ్ హార్బర్‌లో ఫొటోలు తీశారు. మోడల్ మీదికి వెలుగు మళ్లించే రిఫ్లెక్టర్ నేను పట్టుకున్నాను. ముందు పట్టుచీరలో మోడల్, వెనక చేపల తట్ట నెత్తిన పెట్టుకున్న ఒకామె. అవతల వేలం నడుస్తోంది. ఎండ చాలలేదని, జుట్టు ఎగిరిందని ఆమెను మళ్లీ మళ్లీ నిలబెట్టారు. తట్టలో ఐసు కరిగి చెవి పక్కనుంచి మెడ మీదికి కారుతోంది. అద్దిన చెమట మాత్రం మోడల్‌ది. ఆమెకు పైసా ఇవ్వలేదు. క్యాటలాగ్ అచ్చయ్యాక తీసుకెళ్లి చూపించాను. పేజీ మీద వేలు పెట్టి వెతికింది. "ఇందులో నేనెక్కడ బాబూ?" అంది. ఆమె ఉన్నచోట ఒక నీలం మసక.

వెనక దృశ్యం మసకబారితే తప్పని నేననను. ముందున్న మనిషి మీద ఫోకస్ పెట్టి లెన్సు రంధ్రం బాగా తెరిస్తే వెనకంతా మసకే వస్తుంది. నీలం మసక కావాలంటే గొడుగు పెట్టుకోవచ్చుగా! మనిషిని అంతసేపు ఎందుకు నిలబెట్టాలి?

పెన్ దగ్గర ఆగాం కదూ. 1948లో పెరూలోని కుజ్కోలో, క్రిస్మస్ రోజుల్లో, ఒక స్థానిక ఫొటోగ్రాఫర్ స్టూడియోను అద్దెకు తీసుకున్నారు. ఫొటో తీయించుకోవడానికి వచ్చిన జనానికి ఎదురు డబ్బిచ్చారు. వినండి, ఎదురు డబ్బిచ్చారు! వాళ్లను వాళ్ల వీధి నుంచి విడదీసి తెర ముందు బొమ్మల్లా నిలబెట్టారని విమర్శ ఉంది. కొట్టిపారేయను. అయినా ఆ ఫొటోల్లో ముఖాలున్నాయి, పనిచేసిన చేతులున్నాయి.

వెనక వరుసలో కుర్రాళ్లూ, ఫోన్లు పక్కన పెట్టండి. రుషికొండలో పెళ్లి ఫొటోలు తీసేది మీరే కదా! ఆదివారం పొద్దున హార్బర్‌కు రండి. తెర నేను తెస్తాను. వేలం ముగిశాకే మొదలుపెడదాం. కూలి ఎంతో ముందే మాట్లాడుకుందాం, ప్రింటు చేతికిద్దాం. చందా పుస్తకం గుమ్మం దగ్గర పెట్టించాను.