తలల లెక్కకు అందని ప్రమాదం: చిన్న కర్మాగారాల్లో భద్రతా చట్టాల అమలు

సభకు విచ్చేసిన చిన్న పరిశ్రమల యజమానులకు, కార్మిక మిత్రులకు నమస్కారం.

మన దేశంలో కర్మాగారాల భద్రతా చట్టాలు మనుషులను లెక్కపెట్టడంతోనే మొదలవుతాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం విద్యుత్తు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది కార్మికులుంటే అది కర్మాగారం అనిపించుకునేది. 250 మంది దాటితే క్యాంటీను, 500 దాటితే అంబులెన్స్ గది, 1000 మంది ఉంటే భద్రతాధికారి ఉండాలని ఆ చట్టం చెప్పేది. 2020లో పార్లమెంటు ఆమోదించగా, ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ భద్రతాధికారి విషయంలో ఆ పరిమితిని 500కు, ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250కి తగ్గించింది. ఇది స్వాగతించవలసిన మార్పు. అయితే అదే కోడ్ కర్మాగారం నిర్వచనాన్ని 20కి, విద్యుత్తు లేని చోట 40కి పెంచింది. పదిమంది ఉన్న యూనిట్ ‘సంస్థ’గా కోడ్ పరిధిలోనే ఉంటుంది గానీ, కర్మాగారాలకు ప్రత్యేకించిన నిబంధనలు దానికి వర్తించవు. ప్రమాదకరమని నోటిఫై చేసిన పనులకు ఈ సంఖ్యతో నిమిత్తం లేదన్న మినహాయింపు ఉన్నా, యంత్రంతో రేకును నొక్కి ముక్కలు తీసే మామూలు ప్రెస్ షాపు ఆ జాబితాలోకి వస్తుందని ఆశించలేము.

ఆ ప్రెస్ షాపునే తీసుకుందాం. రెండు చేతులతో రెండు బటన్లను ఒకేసారి నొక్కితేనే ర్యామ్, అంటే పైనుంచి దిగి రేకును నొక్కే బరువైన భాగం, కిందికి దిగేలా పవర్ ప్రెస్సును అమర్చడంలో ఉద్దేశం ఒక్కటే: ఆ క్షణంలో డై (ముక్కను తీసే అచ్చు) కింద వేలు ఉండకూడదు. పీసు రేటు మీద పనిచేసే ఆపరేటరు ఒక బటన్‌ను టేపుతో బిగించి, ఒక చేత్తో నొక్కుతూ, రెండో చేత్తో రేకు ముక్కను సర్దుతాడు; గంటకు వచ్చే ముక్కలు పెరుగుతాయి. పెద్ద కర్మాగారంలో ఈ టేపును చూడవలసిన వారు ముగ్గురు నలుగురుంటారు. చిన్న షెడ్డులో చూసేది యజమాని ఒక్కడే, సాయంత్రానికి సరుకు పంపవలసినవాడూ ఆయనే. జీఎస్టీ రిటర్నుల నుంచి మోటారు బేరింగుల దాకా అన్నీ తానే చూసుకునే మనిషిని కేవలం స్వార్థపరుడని తీసిపారేయడం న్యాయం కాదు.

అలాగని అన్నిటినీ మన్నించలేము. మస్టరు రోల్‌లో తొమ్మిది పేర్లే ఉంచి మిగిలినవారిని కాంట్రాక్టరు మనుషులుగా చూపడం, ఒకే షెడ్డును భార్య పేర సగం, తమ్ముడి పేర సగం విడగొట్టడం మీకు తెలియనివి కావు. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారినీ, వేర్వేరు షిఫ్టుల వారినీ కలిపి లెక్కించాలని 1948 చట్టమే చెప్పింది.

పెద్ద పరిమాణమే రక్షణ అని కూడా నేననడం లేదు. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండుమంది మరణించిన ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ఒక బహుళజాతి సంస్థది. వ్యవస్థ ఉన్న చోట అది ఎందుకు పనిచేయలేదని నిలదీయవచ్చు. ఎనిమిదిమంది షెడ్డులో ఆ ప్రశ్న వేయడానికి పదవి పేరుతో ఒక్కరూ ఉండరు.

అందువల్ల చిన్న యూనిట్ల మీద మరిన్ని రిజిస్టర్లు మోపే బదులు, ఒక పారిశ్రామిక వాడకంతటికీ ఉమ్మడిగా భద్రతాధికారిని నియమించుకోవడం మేలని నా అభిప్రాయం. ఆస్తిపన్ను వసూలు చేసే ఐలాలు (పారిశ్రామిక వాడల స్థానిక పాలక సంస్థలు) మన వాడల్లో ఇప్పటికే ఉన్నాయి కనుక, జీతానికి కొత్త యంత్రాంగాన్ని వెతకనక్కరలేదు.

ఇక యంత్రంలోకి చేయి వెళ్లకుండా అడ్డుగా బిగించే గార్డుల ఖర్చు ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది. పెద్ద కంపెనీ పంపిన క్వాలిటీ ఇన్‌స్పెక్టరు వెర్నియర్‌తో ముక్క కొలత చూస్తాడు. ఆ ముక్క తీసిన ప్రెస్సుకు గార్డు ఉందా అన్నది సాధారణంగా ఆయన చెక్‌లిస్టులో కనిపించదు. దాన్ని చేర్చమని మీ సంఘమే కొనుగోలుదారులకు రాయాలి, గార్డు ఖర్చును జాబ్ వర్కు రేటులో విడిగా చూపి అడగాలి. ఒక్క యూనిట్ అడిగితే ఆర్డరు పక్క షెడ్డుకు పోతుంది కాబట్టి, ఈ పని వాడ మొత్తం కలిసి చేయవలసిందే.