డెపెష్ మోడ్: ఇంజన్ చప్పుడుతో పాట కట్టిన బ్యాండ్

[ఆడియో: 'స్ట్రిప్డ్' పాట మొదటి కొన్ని సెకన్లు. తెర మీద బొమ్మ ఏదీ వద్దు.]

విన్నారా? అడుగున గుడుగుడుమంటూ నడుస్తున్నది డ్రమ్స్ చప్పుడు కాదు. ఆపకుండా వదిలేసిన మోటార్‌సైకిల్ ఇంజన్ అది. దాన్ని రికార్డు చేసి, శ్రుతి బాగా దించి, పాటకి తాళంగా పెట్టారు. ఒక కారు స్టార్ట్ అవుతున్న చప్పుడు కూడా ఉంది. ఆ కారు బ్యాండ్ గాయకుడు డేవ్ గాన్ సొంత పోర్షె. 1986లో వచ్చిన పాట ఇది. బ్యాండ్ పేరు డెపెష్ మోడ్.

ఎనభైల బ్రిటన్‌లో సింథ్-పాప్, అంటే సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డుతో పాప్ పాటలు చేసే బ్యాండ్లకి కొదవ లేదు. హ్యూమన్ లీగ్, ఓఎండీ, సాఫ్ట్ సెల్, ఇంకా బోలెడు. మంచి పాటలే చేశారు. కానీ వాటిలో చాలా పాటలు ఇవాళ వింటే ఏ సంవత్సరానివో ఇట్టే చెప్పేయొచ్చు. డెపెష్ మోడ్ మంచి రికార్డులకి ఆ ముద్ర పడలేదు. ఎందుకని? నా జవాబు ఒకటే. పాట రాయడానికి ఎంత కష్టపడ్డారో, ఆ పాట ఎలా మోగాలో తేల్చుకోవడానికి అంతకన్నా ఎక్కువ కష్టపడ్డారు. పాట ఎవరు రాశారని అందరూ అడుగుతారు. దాన్ని మోగించిందెవరని అడిగేవాళ్లు తక్కువ. ఈ వీడియోలో నేను ఎక్కువగా మాట్లాడేది ఆ రెండో రకం మనుషుల గురించి.

[విజువల్: ఇంగ్లండ్ మ్యాప్. లండన్‌కి తూర్పున ఎసెక్స్, అందులో బాజిల్డన్.]

బాజిల్డన్ పాత ఊరేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్ జనాన్ని సర్దడానికి ప్రభుత్వం 1949లో ప్లాన్ వేసి కట్టించడం మొదలుపెట్టిన ఊరు. ఫ్యాక్టరీలు, వరస ఇళ్లు. కుర్రాళ్లకి సాయంత్రాలు గడపడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. 1980లో అక్కడే ముగ్గురు కలిశారు: విన్స్ క్లార్క్, మార్టిన్ గోర్, ఆండీ ఫ్లెచర్. మార్టిన్ బ్యాంకులో గుమస్తా, ఆండీ ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగి. పాడేవాడి కోసం వెతుకుతుంటే, ఊళ్లో ఒక చిన్న హాల్లో డేవిడ్ బోవీ 'హీరోస్' పాడుతున్న ఒక కుర్రాడు విన్స్ చెవిన పడ్డాడు. అతనే డేవ్ గాన్. బ్యాండ్ పేరు కూడా అతనే తెచ్చాడు, ఒక ఫ్రెంచ్ ఫ్యాషన్ పత్రిక నుంచి.

గిటార్లు వదిలి వీళ్లు సింథసైజర్లు ఎందుకు పట్టుకున్నారు? అంతకు ముందు సింథసైజర్ అంటే ధనవంతుల వస్తువు, గదంత పెద్ద వస్తువు. డెబ్బైల చివరికి కోర్గ్, రోలాండ్, యమహా, కవాయ్ లాంటి జపాన్ కంపెనీలు చవక మోడళ్లు దించాయి. జర్మనీ నుంచి క్రాఫ్ట్‌వెర్క్ అనే ఎలక్ట్రానిక్ బ్యాండ్ ఎప్పుడో దారి చూపించింది. 1979లో గ్యారీ న్యూమన్ సింథ్ పాట బ్రిటన్ చార్టుల్లో నంబర్ వన్ అయ్యాక, చిన్న ఊళ్ల కుర్రాళ్లకి ధైర్యం వచ్చింది. డ్రమ్స్ సెట్ అక్కర్లేదు, పెద్ద యాంప్లిఫయర్లు అక్కర్లేదు. సంకలో పెట్టుకుని రైలెక్కొచ్చు. వీళ్లు నిజంగా అలాగే చేశారు. 'టాప్ ఆఫ్ ద పాప్స్' టీవీ షోకి రైల్లోనే వెళ్లారు, సింథసైజర్లు మోసుకుంటూ.

[విజువల్: పాత మోనో సింథసైజర్ క్లోజప్. ఒక వేలు ఒక మీట నొక్కుతుంది.]

ఇక్కడ ఒక్క టెక్నికల్ విషయం చెప్పుకోవాలి, ఎందుకంటే వీళ్ల సంగీతం అంతా దాని మీదే నిలబడింది. ఆ చవక సింథసైజర్లలో ఎక్కువ భాగం మోనోఫోనిక్. మన సన్నాయి లాగే, ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. పియానో మీద నాలుగు వేళ్లతో నాలుగు స్వరాలు కలిపి నొక్కినట్టు ఇక్కడ కుదరదు. అందుకని ముగ్గురూ తలా ఒక వరస పట్టుకున్నారు. ఒకడు కింది స్థాయిలో బేస్, ఇంకొకడు మధ్యలో చిన్న మెలిక, మూడోవాడు పైన రాగం. మూడు దారాలు అల్లుకుంటేనే పాట నిండుతుంది. 'జస్ట్ కాంట్ గెట్ ఎనఫ్' వినండి, ఒక్కో వరసా విడివిడిగా పాడుకోవచ్చు. ఫుట్‌బాల్ స్టేడియాల్లో సెల్టిక్, లివర్‌పూల్ అభిమానులు ఆ ట్యూన్‌ని గొంతెత్తి పాడుకున్నది అందుకే.

వీళ్లని పట్టుకున్నది డేనియల్ మిల్లర్, మ్యూట్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ యజమాని. పెద్ద కంపెనీలు డబ్బు సంచులతో వెంటపడుతున్న రోజులవి. మిల్లర్ దగ్గర అంత డబ్బు లేదు. లాభం చెరి సగం అన్నాడు, చేతులు కలిపారు, అంతే. కాగితం మీద ఒప్పందం లేకుండానే ఏళ్ల తరబడి కలిసి పని చేశారు. ఈ ఒక్క నిర్ణయం వల్ల తర్వాత చాలా మేలు జరిగింది. ఏ పాట ఎలా చేయాలో పైనుంచి చెప్పేవాళ్లు లేరు. మిల్లర్ స్వయంగా సింథసైజర్ల మనిషి, తన పరికరాలన్నీ వీళ్లకి ఇచ్చాడు.

1981లో మొదటి ఆల్బమ్ 'స్పీక్ అండ్ స్పెల్' బ్రిటన్ టాప్ టెన్‌లోకి వచ్చింది. ఆ సంవత్సరం చివర్లో విన్స్ క్లార్క్ బ్యాండ్ వదిలేశాడు. పాటలు దాదాపు అన్నీ రాసింది అతనే! పత్రికలు వీళ్ల పని అయిపోయిందనే అనుకున్నాయి. విన్స్ బాజిల్డన్ అమ్మాయే అయిన అలిసన్ మొయేతో యాజూ, తర్వాత ఆండీ బెల్‌తో ఇరేజర్ మొదలుపెట్టి హిట్ల మీద హిట్లు కొట్టాడు. ఇక్కడ మార్టిన్ గోర్ కలం పట్టక తప్పలేదు. 1982లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో తడబాటు వినిపిస్తుంది. నాకు అందులో రెండు మూడు పాటలు ఇష్టమే గానీ, ఆ ఆల్బమ్‌ని దాటేసి ముందుకెళ్తే నష్టం లేదు.

[విజువల్: 'మెలొడీ మేకర్' పత్రికలో చిన్న ప్రకటన లాంటి గ్రాఫిక్.]

అసలు మలుపు ఒక పేపర్ ప్రకటన. కీబోర్డు వాయించేవాడు కావాలి, వయసు ఇరవై ఒకటి లోపు ఉండాలి అని వేశారు. అలన్ వైల్డర్‌కి అప్పుడు ఇరవై రెండు. తక్కువ చెప్పి వెళ్లాడు. చిన్నప్పటి నుంచీ పియానో శాస్త్రీయంగా నేర్చుకున్నవాడు, మిగతావాళ్లందరికన్నా వాయించడంలో దిట్ట. మొదట టూర్లకి మాత్రమే తీసుకున్నారు. తర్వాత పూర్తిగా కలుపుకున్నారు. నా లెక్కలో ఈ బ్యాండ్ కథ ఇక్కడ రెండోసారి మొదలవుతుంది.

సరిగ్గా అదే టైముకి శాంప్లింగ్ వచ్చింది. బయటి చప్పుడు దేన్నయినా రికార్డు చేసి, కీబోర్డు మీద స్వరంలా వాయించుకోవచ్చు. అప్పట్లో ఆ యంత్రాల ధర చుక్కల్లో ఉండేది. ఎంతోమంది వాటిని కొని, లోపల రెడీగా ఉన్న వయొలిన్, ట్రంపెట్ శబ్దాలు వాడుకున్నారు. వీళ్లు రికార్డర్ పట్టుకుని లండన్‌లో షోర్‌డిచ్ చుట్టుపక్కల పాడుబడ్డ రైల్వే స్థలాల్లో తిరిగారు. రేకులు బాదారు, గొట్టాలు కొట్టారు, దొరికిన ప్రతి వస్తువూ మోగించి చూశారు. 'పైప్‌లైన్' అనే పాటకి మార్టిన్ గొంతు కూడా రైల్వే ఆర్చ్ కింద నిలబడి రికార్డు చేసిందే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే, పాట మధ్యలో పైనుంచి రైలు వెళ్లడం తెలుస్తుంది. దాన్ని తీసేయలేదు, ఉంచేశారు.

ఇదంతా 1983లో వచ్చిన 'కన్‌స్ట్రక్షన్ టైమ్ అగైన్' సంగతి. ఆ ఆల్బమ్ మిక్సింగ్‌కి బెర్లిన్‌లో హాన్సా స్టూడియోకి వెళ్లారు. అప్పట్లో నగరాన్ని రెండుగా చీల్చిన బెర్లిన్ గోడకి దగ్గర్లోనే ఉండేది ఆ భవనం. బోవీ 'హీరోస్' రికార్డు చేసింది అందులోనే! బాజిల్డన్ హాల్లో ఆ పాట పాడి బ్యాండ్‌లో చేరిన డేవ్, మూడేళ్లు తిరిగేసరికి ఆ భవనంలోనే కూర్చుని తన సొంత ఆల్బమ్ వింటున్నాడు.

హాన్సాలో ఇంజనీర్ గారెత్ జోన్స్‌తో కలిసి ఇంకో పద్ధతి కూడా పట్టారు. సింథసైజర్ శబ్దాన్ని నేరుగా టేపులోకి పంపితే అది పొడిగా, ఎక్కడా పుట్టనట్టు ఉంటుంది. అందుకని ఆ శబ్దాన్ని పెద్ద స్పీకర్ల ద్వారా ఖాళీ హాల్లోకి వదిలి, హాలంతా మోగాక దాన్ని మైకులతో మళ్లీ పట్టేవారు. యంత్రం శబ్దానికి అలా చోటు దొరికింది, గాలి దొరికింది. అక్కడ చేసిన 'పీపుల్ ఆర్ పీపుల్' 1984లో పశ్చిమ జర్మనీలో నంబర్ వన్ అయింది.

[విజువల్: 1988 మార్చి 7, తూర్పు బెర్లిన్. తర్వాత 1988 జూన్ 18, పాసడీనా.]

1988లో మూడు నెలల తేడాతో జరిగిన రెండు కచేరీలు చూడండి. మార్చి 7న తూర్పు బెర్లిన్‌లో, కమ్యూనిస్టు ప్రభుత్వ యువజన సంఘం పుట్టినరోజు కార్యక్రమంలో వాయించారు. ఇనుప తెర వెనక, అంటే తూర్పు యూరప్ కమ్యూనిస్టు దేశాల్లో, వీళ్ల పాటలు అప్పటికే క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి కాపీ అవుతూ తిరుగుతున్నాయి. ఇవాళ్టికీ తూర్పు యూరప్‌లో, రష్యాలో వీళ్లంటే పడి చచ్చేవాళ్లు ఉన్నారు. డేవ్ గాన్ పుట్టినరోజు మే 9. రష్యాలో అది విజయ దినోత్సవం. మాస్కోలో ఆ రోజు ఇతని అభిమానులు కూడా పండగ చేసుకునే ఆనవాయితీ పుట్టింది.

జూన్ 18న కాలిఫోర్నియాలో పాసడీనా రోజ్ బౌల్ స్టేడియం. ఆ టూర్‌లో 101వ షో. 60,453 మంది వచ్చారు. గిటార్ రాక్ రాజ్యమేలుతున్న అమెరికాలో, స్టేజీ మీద కీబోర్డులు పెట్టుకున్న నలుగురి కోసం! డి.ఎ. పెన్నీబేకర్ దాన్ని '101' అనే డాక్యుమెంటరీగా తీశాడు. అందులో టికెట్ల డబ్బు, టీషర్టుల డబ్బు లెక్కపెట్టే దృశ్యాలు కూడా దాచకుండా చూపించాడు. ఆ రాత్రి జనం ముక్తకంఠంతో పాడిన 'ఎవ్రీథింగ్ కౌంట్స్' కార్పొరేట్ దురాశ మీద రాసిన పాట. ఈ రెండింటినీ ఒకే సినిమాలో ఉండనిచ్చినందుకు ఆ బ్యాండ్ మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక 'ఎంజాయ్ ద సైలెన్స్'. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

[ఆడియో: మార్టిన్ హార్మోనియం వెర్షన్ పది సెకన్లు. వెంటనే అసలు పాట పది సెకన్లు.]

మార్టిన్ తెచ్చిన డెమోలో, అంటే నమూనా రికార్డింగులో, ఉన్నవి తన గొంతు, ఒక హార్మోనియం. నెమ్మదైన, దిగులు పాట. దీన్ని డ్యాన్స్ వేగానికి పెంచుదామన్నది అలన్ వైల్డర్. మార్టిన్ ఒప్పుకోలేదు. మౌనం గురించిన పాటని పరుగెత్తించడం ఏంటని అతని బాధ. అతని మాటలోనూ న్యాయం ఉంది. డెన్మార్క్‌లో పుక్ స్టూడియోలో అలన్, ప్రొడ్యూసర్ ఫ్లడ్ కలిసి దాని మీద కూర్చున్నారు. కింద నిలకడగా కొట్టే బీట్, దాని మీద కోరస్ గొంతుల శాంపిల్స్. అంతా కుదిరాక మార్టిన్ చేతికి గిటార్ ఇచ్చి ఏదైనా వాయించమన్నారు. పాటలో మీకు మొట్టమొదట గుర్తుండిపోయే ఆ చిన్న గిటార్ ముక్క అలా వచ్చింది.

రెండూ పక్కపక్కన వినండి. మాటలు అవే, రాగమూ అదే. వేగం పెరిగినా దిగులు పోలేదు. డేవ్ గొంతు తొందరపడకుండా కిందే ఉండిపోయింది. కింద కాళ్లు కదులుతుంటే పైన మనసు ఆగిపోయి ఉంటుంది. ఆ రెంటి మధ్య లాగుడే ఈ పాట. మార్టిన్ లేకపోతే పాటే లేదు, నిజమే. అలన్, ఫ్లడ్ లేకపోతే అది ఆల్బమ్ మూలన ఒక మంచి నెమ్మది పాటగా ఉండిపోయేది. 1991లో బ్రిట్ అవార్డుల్లో ఉత్తమ సింగిల్ అదే. ఈ పాట ఉన్న, 1990 మార్చిలో విడుదలైన 'వయొలేటర్' ఆల్బమ్ వాళ్ల శిఖరం అని ఎవరన్నా నేను వాదించను. లాస్ ఏంజిలెస్‌లో ఒక రికార్డుల షాపులో ఆటోగ్రాఫులిస్తామంటే వేలమంది వచ్చిపడ్డారు. పోలీసులు మధ్యలోనే ఆపించాల్సి వచ్చింది.

తర్వాత కథ బరువుగా ఉంటుంది. 1993 ఆల్బమ్ అట్లాంటిక్‌కి రెండు వైపులా నంబర్ వన్. దాని వెంట సాగిన టూర్ మనుషుల్ని పిండేసింది. 1995లో అలన్ వెళ్లిపోయాడు. తను పడే కష్టానికి లోపల తగిన గుర్తింపు లేదని బయటికే చెప్పాడు. డేవ్ హెరాయిన్‌లో మునిగిపోయాడు. 1996 మేలో లాస్ ఏంజిలెస్‌లో ఓవర్‌డోస్ అయి కాసేపు గుండె ఆగింది. బతికాడు, మానేశాడు. మరుసటి ఏడాదే 'అల్ట్రా' వచ్చింది. అందులో అతని గొంతు వింటే ఎక్కడి నుంచి తిరిగొచ్చాడో తెలుస్తుంది. అలన్ మాత్రం రాలేదు. 2010లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో క్యాన్సర్ బాధిత టీనేజర్ల కోసం చేసిన కచేరీలో ఒక్క పాటకి పియానో వాయించి వెళ్లాడు. జనం లేచి నిలబడిపోయారు.

ఆండీ ఫ్లెచర్ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. అతను పాటలు రాయలేదు, గొప్పగా వాయించలేదు. వ్యాపారం చూసుకున్నాడు, గొడవలు సర్దాడు, మార్టిన్‌కి చిన్ననాటి నుంచీ స్నేహితుడిగా ఉన్నాడు. 2022 మే 26న అరవై ఏళ్లకే పోయాడు. మరుసటి ఏడాది డేవ్, మార్టిన్ ఇద్దరే 'మెమెంటో మోరి' తెచ్చారు.

వీళ్లు ఎక్కడెక్కడికి చేరారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. డెట్రాయిట్‌లో టెక్నో సంగీతం పుట్టించిన నల్లజాతి కుర్రాళ్లు వీళ్ల రికార్డులు విని పెరిగారు. 'పర్సనల్ జీసస్'ని కంట్రీ దిగ్గజం జానీ క్యాష్ 2002లో గిటార్‌తో పాడాడు. జర్మన్ బ్యాండ్ రామ్‌స్టైన్ 'స్ట్రిప్డ్'ని హెవీ మెటల్ చేసింది. లింకిన్ పార్క్ మైక్ షినోడా 2004లో 'ఎంజాయ్ ద సైలెన్స్'ని రీమిక్స్ చేశాడు. 'ద లాస్ట్ ఆఫ్ అస్' సిరీస్ మొదటి ఎపిసోడ్ చివర్లో రేడియోలోంచి వచ్చే పాట గుర్తుందా? అది వీళ్ల 'నెవర్ లెట్ మీ డౌన్ అగైన్', 1987 నాటిది.

[విజువల్: మూడు ఆల్బమ్ కవర్లు వరసగా.]

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 'వయొలేటర్'తో మొదలుపెట్టండి, మొత్తం ముప్పావుగంట పైచిలుకు. అది నచ్చితే 'బ్లాక్ సెలబ్రేషన్'కి వెనక్కి వెళ్లండి, అది రాత్రి పూట వినాల్సిన ఆల్బమ్. ఆ తర్వాత '101' లైవ్. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, ఆ కింది స్వరాలు అందులో వినపడవు. విన్నాక అలన్ ఉన్నప్పటి ఆల్బమ్‌లకీ, లేనప్పటి వాటికీ తేడా మీకు తెలిసిందో లేదో కామెంట్లలో రాయండి. నాకైతే తెలుస్తుంది. మీ చెవి ఏమంటుందో వినాలని ఉంది.