కనుక్కున్న వరుసలో చెప్పకండి

(పరిశోధక విద్యార్థుల కోసం ఏర్పాటైన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ముందు నాకు జరిగిన ఒక అవమానం చెబుతాను. పీహెచ్‌డీ రెండో ఏడు, మొదటిసారి ఒక సదస్సులో మాట్లాడే అవకాశం వచ్చింది. నాకిచ్చిన సమయం 15 నిమిషాలు. నేను పట్టుకెళ్లినవి 41 స్లైడ్లు. విషయం నేపథ్యం, దాని చరిత్ర, నిర్వచనాలు, నాకంటే ముందు పనిచేసినవాళ్ల జాబితా, వాడిన పరికరాలు, అవి మధ్యలో పాడైన వైనం... చెప్పుకుంటూ పోతున్నాను. 19వ స్లైడు దగ్గర అధ్యక్షులవారు గంట కొట్టి, "ఇంతకీ మీరు కనుక్కున్నదేమిటి?" అన్నారు. మర్యాదగానే అడిగారు. అది 38వ స్లైడులో ఉంది. నేను గబగబా స్లైడ్లు తిప్పుతుంటే వెనక వరుసలో ఎవరో నవ్వారు.

రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగాడంటూ మనం వినేవాడిని వెక్కిరిస్తాం. ఆ రోజు తప్పు విన్నవాళ్లది కాదు, చెప్పినవాడిది.

నా ఇంగ్లీషు బాగాలేకే ఇలా అయిందని చాలాకాలం అనుకున్నాను. అసలు సంగతి వేరు. నేను పని చేసిన వరుసలోనే పనిని చెప్పాను. పరిశోధన చేసేవాడికి జవాబు ఆఖరున దొరుకుతుంది, వినేవాడికి అది మొదట్లోనే కావాలి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇకనుంచి వచ్చేదంతా దాని వివరణ. నిద్ర వస్తున్నవాళ్లు ఇప్పుడు పడుకున్నా పెద్దగా నష్టపోరు.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. వచ్చాడో రాలేదో ఆఖరి మాట వినేదాకా తెలీదు. వాక్యం వరకూ అది అందంగానే ఉంటుంది. పేరానీ, పేపర్నీ, చివరికి గైడ్‌కి రాసే ఈమెయిల్నీ అలాగే కడితేనే చిక్కు. అలాగని నేరమంతా భాష మీదికి నెట్టలేం. ఇంగ్లీషులోనే పుట్టి పెరిగినవాళ్లూ ఇదే తప్పు చేస్తారు.

మంచి ఉదాహరణ ఒకటి చూద్దాం. డీఎన్‌ఏ నిర్మాణం గురించి వాట్సన్, క్రిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రాసిన పేపర్ 1953 ఏప్రిల్ 25న నేచర్ పత్రికలో వచ్చింది. మొత్తం పేజీకి కాస్త ఎక్కువ. దాని మొదటి వాక్యం చెప్పేది ఒక్కటే: డీఎన్‌ఏ లవణానికి మేమొక నిర్మాణాన్ని సూచించదలిచాం. జీవకణాల ప్రాముఖ్యం గురించి ఉపన్యాసం లేదు, అరిస్టాటిల్ లేడు. రెండో వాక్యానికే అందులో కొత్త అంశాలున్నాయనీ, అవి జీవశాస్త్రానికి ముఖ్యమైనవనీ వచ్చేసింది. 'సూచించదలిచాం' అన్న మాట కూడా గమనించండి. ఆ శతాబ్దపు గొప్ప ఆవిష్కరణల్లో ఒకటి చేతిలో ఉన్నా 'నిరూపించాం' అనలేదు. మనవాళ్లు 30 మందికి ప్రశ్నపత్రం పంచి వచ్చి 'నిరూపించాం' అని రాస్తారు. 'సూచిస్తోంది', 'చూపుతోంది', 'రుజువు చేసింది' ఒకే అర్థమున్న మాటలు కావు. మీ దగ్గరున్న ఆధారం ఎంత బరువు మోయగలదో అంత మాటే దాని మీద పెట్టాలి.

అదే పేపర్‌తో ఇంకో పాఠం కూడా ఉంది, చేదుది. రోజలిండ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త చేసిన ఎక్స్‌రే పనికి ఆ నిర్మాణం ఎంత రుణపడి ఉందో చివర కృతజ్ఞతల దగ్గర, అప్పటికి ప్రచురించని ఆమె ఫలితాల గురించి స్థూలంగా తెలుసు అన్నంత వరకే రాశారు. 70 ఏళ్లు దాటినా ఆ మాట మీద చర్చ ఆగలేదు. ఎవరి పని ఎంత వాడుకున్నారో నిజాయితీగా రాయడం కూడా రాతలో భాగమే.

ఇక్కడ మీలో కొందరికి సందేహం రావాలి. పేపర్‌కి ఒక అచ్చు ఉంది కదా, ఉపోద్ఘాతం, పద్ధతులు, ఫలితాలు, చర్చ, ఆ క్రమంలో జవాబు మూడో చోటే వస్తుంది కదా అని. నిజమే. వైద్య పత్రికల్లో 20వ శతాబ్దంలో మెల్లగా పాతుకుపోయిన పద్ధతి అది. కానీ పేపర్‌ని ఎవరూ ఆ వరుసలో చదవరు. నేను చదవను, మీరూ చదవరు. శీర్షిక చూస్తాం, అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం) చూస్తాం, బొమ్మల మీదికి దూకుతాం, చివరి పేరా చూస్తాం, అప్పటికీ ఆసక్తి మిగిలితే వెనక్కి వస్తాం. అందుకే మొదట్లో చెప్పాల్సినదాన్ని మోసే బరువంతా శీర్షిక మీద, అబ్‌స్ట్రాక్ట్ మీద పడుతుంది. చాలామంది ఆ రెండింటినీ సబ్మిషన్‌కి ముందురోజు రాత్రి రాస్తారు.

ఒక అబ్‌స్ట్రాక్ట్ ఇలా ముగుస్తుందనుకుందాం: 'నేల తేమకూ వేళ్ల పెరుగుదలకూ గల సంబంధాన్ని అధ్యయనం చేసి ఫలితాలను చర్చించాం.' ఇందులో ఏం తెలిసింది? ఏమీ తెలీలేదు. ఇది సినిమా టికెట్ మీద 'ఇందులో కథ ఉంది' అని రాయడంలాంటిది. దీన్నే 'తేమ తగ్గేకొద్దీ వేళ్లు లోతుకు వెళ్లాయి, ఒక హద్దు దాటాక మాత్రం పెరగడమే మానేశాయి' అని మార్చండి. ఉదాహరణ నేను కల్పించిందే. ఇప్పుడు ఎవరైనా మీతో పోట్లాడటానికి ఒక వీలు దొరికింది. ఒప్పుకోవడానికో కాదనడానికో ఏమీ దొరకని వాక్యం అబ్‌స్ట్రాక్ట్‌లో ఉంటే కొట్టేయండి.

స్లైడ్ల సంగతికి వస్తాను. ఈ విషయం మీద నాకు కాస్త కోపం ఎక్కువ, ఎందుకో చెబుతాను. అమెరికా వాళ్ల కొలంబియా వ్యోమనౌక 2003 జనవరి 16న బయల్దేరింది. పైకి లేచిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో తిరుగుతుండగానే, దాని వల్ల ప్రమాదముందా అని ఇంజినీర్లు లెక్కలు వేసి స్లైడ్లలో పెట్టి అధికారులకు చూపించారు. వాటిలో ఒక స్లైడు తర్వాత బాగా పేరుకెక్కింది. దాని శీర్షిక ధైర్యం చెబుతున్నట్టే ఉంటుంది. కింద అంచెలంచెలుగా చిన్న అక్షరాల పాయింట్లు. 'సిగ్నిఫికెంట్' (గణనీయం) అన్న మాట అటూ ఇటూగా ఐదుసార్లు. ఎంత అని మాత్రం ఎక్కడా లేదు. అన్నిటికంటే అడుగున, ఎవరి కంటా పడని చోట అసలు సంగతి ఉంది: అంతకుముందు చేసిన పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, ఇప్పుడు తగిలింది 1,920 అనే అంచనా. అంటే 640 రెట్లు. ఆ పరీక్షలు ఈ దెబ్బకు పనికిరావు అనేదే అక్కడ అసలు వార్త. అది శీర్షికలో ఉండాల్సింది.

ఫిబ్రవరి 1న తిరిగొస్తూ కొలంబియా ముక్కలైంది. ఏడుగురు పోయారు. స్లైడు సరిగా ఉంటే వాళ్లు బతికేవాళ్లని నేను అనను, అంత తేలిక వ్యవహారం కాదది. కానీ విచారణ బోర్డు తన నివేదికలో సాంకేతిక పత్రాల బదులు స్లైడ్లతో సరిపెట్టే అలవాటును ప్రత్యేకంగా తప్పుపట్టింది.

కాబట్టి స్లైడు శీర్షికలో 'ఫలితాలు' అని రాయకండి. ఆ ఫలితమేమిటో ఒక పూర్తి వాక్యంగా రాయండి. 'చాలా', 'గణనీయంగా' అనే మాటలొచ్చిన ప్రతిచోటా అంకె పెట్టండి. అక్షరాల సైజు, రంగులు మీరే చూసుకోండి, వాటి మీద నాకు పెద్ద అభిప్రాయాల్లేవు.

కుదించి చెప్పడం సాధన చేయాలంటే ఒక మంచి ఆట ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో త్రీ మినిట్ థీసిస్ పోటీ మొదలుపెట్టింది. అప్పుడక్కడ తీవ్రమైన కరువు. నీళ్లు ఆదా చేయడానికి జనం స్నానాలగదిలో మూడు నిమిషాల ఇసుక గడియారాలు పెట్టుకున్నారు. ఆ మూడు నిమిషాల్లోంచే పోటీ ఆలోచన పుట్టింది. 80,000 పదాల థీసిస్‌ని వినిపించాలంటే 9 గంటలు పడుతుందట. మీకిచ్చేది మూడు నిమిషాలు, కదలని ఒకే ఒక స్లైడు. ఇది లోతును చంపేస్తుందని కొందరు గైడ్లు విసుక్కుంటారు. నేనూ మొదట విసుక్కున్నాను. తర్వాత నా విద్యార్థుల్లో గమనించిందేమిటంటే, మూడు నిమిషాల్లో చెప్పలేకపోయినవాళ్లు 300 పేజీల్లో కూడా చెప్పలేకపోయారు. పేజీలు ఎక్కువైతే ఆ సంగతి బయటపడటానికి ఇంకాస్త ఆలస్యమయింది, అంతే.

లిటరేచర్ రివ్యూ, అంటే మనకంటే ముందు జరిగిన పనిని సమీక్షించే భాగం గురించి ఒక్క మాట. 'ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు అలా అన్నారు' అని ఏడాది వరుసన పేర్చితే అది హాజరుపట్టీ అవుతుంది. వాళ్ల మధ్య తగాదా ఎక్కడుందో పట్టుకుని, ఆ తగాదా చుట్టూ రాయండి. మీ పని ఆ తగాదాలో ఎటువైపు నిలబడుతుందో అదే మీ ఉపోద్ఘాతం.

ఇక రివ్యూయర్లు, అంటే పత్రిక తరఫున మన పేపర్‌ని పరిశీలించేవాళ్లు. రివ్యూయర్‌కి అర్థంకాలేదంటే అతను సరిగా చదవలేదన్నది మన మొదటి తీర్పు. నిజంగానే సరిగా చదవకపోయి ఉండొచ్చు కూడా. అయినా అంతకంటే శ్రద్ధగా మీ పాఠకులు చదువుతారన్న హామీ ఏదీ లేదు. అతను తడబడ్డ చోటే మిగతావాళ్లూ తడబడతారు. కామెంట్లు వచ్చిన రోజు జవాబు రాయొద్దు. రెండు రోజులు పక్కన పెట్టండి. తర్వాత ప్రతి కామెంటునూ ఉన్నదున్నట్టు కాపీ చేసి, దాని కిందే జవాబు, ఏ పేజీ ఏ లైన్లో ఏం మార్చారో, మార్చిన వాక్యంతో సహా రాయండి. 'సరిచేశాం' అని వదిలేస్తే ఆయన మళ్లీ పేపరంతా వెతుక్కోవాలి. వెతుక్కునేవాడికి చిరాకొస్తుంది. ఒప్పుకోలేని చోట ఒప్పుకోవద్దు, కానీ ఎందుకో ఆధారంతో చెప్పండి. అన్నిటికీ తలూపిన జవాబును చూస్తే ఎడిటర్లకూ నమ్మకం తగ్గుతుంది.

వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, ప్రశ్నలంటే టెన్షన్ ఉంటుంది, ఉండటం సహజం. అడిగిన ప్రశ్నను మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పి, "మీరడిగింది ఇదేనాండీ?" అని నిర్ధారించుకోండి. సగం సార్లు మనం జవాబిచ్చేది వాళ్లు అడగని ప్రశ్నకు. తెలియకపోతే, "అది నేను పరీక్షించలేదండీ, పరీక్షించాలంటే ఇలా చేస్తాను" అనండి. ఈ జవాబుకు డిగ్రీ పోయినవాళ్లను నేనింతవరకు చూడలేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు లాగుతూ పోయి ఇరుక్కున్నవాళ్లను మాత్రం చూశాను.

నాకిచ్చిన సమయంలో ఇంకో పది నిమిషాలుంది. అది మీకు ఇచ్చేస్తాను. పక్కనున్నవారి వైపు తిరగండి, మీ విభాగం కానివారైతే మరీ మంచిది. మీరేం కనుక్కున్నారో, ఇంకా కనుక్కోకపోతే ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో మొదటి వాక్యంలోనే చెప్పండి. విన్నవారు దాన్ని తమ మాటల్లో మళ్లీ మీకు చెప్పాలి. వాళ్లు తప్పుగా చెబితే వాళ్లను దిద్దకండి, మీ మొదటి వాక్యాన్ని మార్చి మళ్లీ చెప్పండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. గడియారం నేను చూస్తాను. ఎడమవైపు కూర్చున్నవాళ్లు మొదలుపెట్టండి.