కొత్త ఫైబర్ పూల్‌కి గీత పడింది, ఈ జెల్‌కోట్ కిట్‌తో పోయిందా?

హాయ్ అండీ అందరికీ. జెల్‌కోట్ అంటే ఫైబర్ పూల్ మీద ఉండే నున్నటి రంగు పైపొర, అది దెబ్బతింటే సరిచేసుకునే కిట్ ఇది. ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్ నాకు ఫ్రీగా పంపించారు, డబ్బులైతే ఇవ్వలేదు. బాక్సులో ఏమేం ఉన్నాయో డిస్క్రిప్షన్‌లో పెట్టా, అది చదువుతూ కూర్చోను.

సంగతేంటంటే, శంకర్‌పల్లి దగ్గర మా బావ ఫామ్‌హౌస్‌లో పూల్ దించి నెల కూడా కాలేదు, చుట్టూ గ్రానైట్ వేస్తుంటే ఒక ముక్క జారి గోడని గీసుకుంటూ పోయింది. జానెడు గీత, చివర్లో కందిబద్దంత పెచ్చు. బావ వెంటనే మోటర్ పెట్టి నీళ్ళన్నీ తోడేద్దాం అన్నాడు. ఆగు బావా అన్నా. ఫైబర్ తొట్టి ఖాళీ చేశామనుకోండి, కింద భూమిలో ఊట ఉంటే మొత్తం పడవలాగా పైకి లేస్తుంది, గోడలు కూడా లోపలికి ఉబ్బుతాయి. గీత కింద ఇంకో జానెడు దాకా తగ్గిస్తే చాలు.

ఇక నా కోపం అంతా హార్డెనర్ మీదే, అదే, జెల్‌కోట్ గట్టిపడటానికి కలిపే మందు. జెల్‌కోట్ బరువులో 1 నుంచి 2 శాతం కలపమంటాడు, మరి ఇచ్చిన డ్రాపర్‌కి ఒక్క కొలత గీత లేదు! 10 గ్రాములకి 2 శాతం అంటే 0.2 గ్రాములు, అది కళ్ళతో చూసి ఎవడు పోస్తాడండీ? మొదటిసారి అందాజుగా చుక్కలేశా, ఎండ మండిపోతోంది, పుట్టీ బ్లేడ్ తీసుకునే లోపే కప్పులో గడ్డకట్టేసింది. కప్పు పట్టుకుంటే కాలుతోంది కూడా. రెండోసారి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బంగారం తూచే చిన్న కాటా పెట్టుకుని చేశా, అప్పుడు కుదిరింది. ఆ హార్డెనర్ కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్ళజోడు లేకుండా మూత కూడా తియ్యొద్దు.

ఇందులో నాకు తెగ నచ్చింది మాత్రం ఒక పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు. నవ్వకండి. నాలుగేళ్ళ కింద మా ఇంట్లో బాత్‌టబ్‌కి వేరే కిట్ వాడితే రెండు రోజులైనా పైన జిగురు పోలేదు, వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, పెడితే పేపరే అతుక్కుపోయింది. తర్వాత తెలిసింది, గాలి తగిలితే జెల్‌కోట్ పైపొర గట్టిపడదు. ఇక్కడ అసిటోన్‌తో తుడిచి, రాసి, కాస్త ఉబ్బుగా వదిలి, ఆ షీటు కప్పి చుట్టూ టేపేశా. మర్నాడు తీస్తే గోరు దిగలేదు. 400 నంబరు నుంచి మొదలుపెట్టి 600, 1000 వాటర్ పేపర్లు (నంబరు పెరిగేకొద్దీ నున్నన), ఆఖర్న మెరుపు తెచ్చే రబ్బింగ్ కాంపౌండ్. అసలు పూల్ జెల్‌కోట్ మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ, కాబట్టి పక్కన మరీ అరగదీయకండి.

రంగు? అక్కడే తన్నింది. వాడి నీలం వేరు, మా బావ నీలం వేరు. పిగ్మెంట్ కలిపి ఓ పలక మీద మూడు మచ్చలు వేసి చూసుకున్నా, అయినా పొద్దుటి ఎండలో కొంచెం తెలుస్తోంది. నీళ్ళు నింపాక బావకి కనపడలేదు కానీ మా మేనకోడలు చెయ్యి పెట్టి, మామయ్యా ఇక్కడొక్కటే నున్నగా ఉంది అంది.

పదికి ఏడు. ఆ డ్రాపర్‌కి గీతలు పెడితే ఎనిమిదిన్నర. మెట్ల దగ్గర వెంట్రుకల్లాంటి పగుళ్ళు కూడా ఉన్నాయి, వాటి జోలికి పోలేదు, అవి పైపూతతో పోయేవి కాదు. ఫోటోలు తీసి పూల్ వేసినోళ్ళకి పంపించాం, వారంటీ ఉంది కదా, వాళ్ళొచ్చి చూశాకే ముట్టుకుంటాం.